సీలింగ్ చట్టమా, కౌలుదారీ చట్టమా: మన పల్లెల్లో భూమి చేతులు మారింది దేనివల్ల?

మంజీరతీరం (ఆదివారం, ఉదయం 8:12)

భూసంస్కరణలు అనగానే మనలో చాలామందికి 1973 నాటి భూపరిమితి చట్టమే గుర్తుకు వస్తుంది. అది విఫలమైందనీ, దొరలు భూమిని దాచుకున్నారనీ, అందుకే పల్లెల్లో పేదరికం అలాగే మిగిలిపోయిందనీ చెప్పుకుని మాట ముగిస్తాం. తెలంగాణ వరకూ చూస్తే, భూమి నిజంగా చేతులు మారడానికి అంతకన్నా బలమైన అవకాశం 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం ఇచ్చిందని నేను అనుకుంటున్నాను.

సీలింగ్ చట్టం అమలు కావాలంటే, భూమి ఎక్కువగా ఉన్నవాడే తన దగ్గర ఎంత ఉందో ప్రకటించాలి, సర్కారు దాన్ని స్వాధీనం చేసుకోవాలి, ఆ తరువాత దాన్ని తీసుకునే పేదవాణ్ణి వెతకాలి. కౌలుదారీ చట్టానికి ఇంత తతంగం అక్కర్లేదు, ఎందుకంటే భూమిని పొందవలసినవాడు అప్పటికే ఆ చెల్కలో నాగలి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని పేరును రక్షిత కౌలుదారుల రిజిస్టరులో ఎక్కించి, వెళ్ళగొట్టకుండా కాపాడితే చాలు.

అక్కడే దెబ్బ తగిలింది. ఆ చట్టం ఫలితాలను పరిశీలించిన ఆర్థికవేత్త ఎ. ఎం. ఖుస్రో లెక్క ప్రకారం, 1951లో రక్షిత కౌలుదారులుగా నమోదైన ప్రతి 100 మందిలో నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ హోదాలో మిగిలినవారు దాదాపు 45 మంది మాత్రమే. 12 మంది భూమిని కొనుక్కోగలిగారు. 22 మందిని చట్టవిరుద్ధంగా వెళ్ళగొట్టారు. మరో 17 మందికి పైగా ‘ఇష్టపూర్వకంగా’ వదులుకున్నారట. ఆ ఇష్టం ఎలాంటిదో ఊళ్ళో పెరిగినవారికి వివరించనక్కర్లేదు.

మీ కుటుంబాల అనుభవం ఏమిటో తెలుసుకోవాలని ఉంది. సీలింగ్ వల్ల భూమి వచ్చినవారు ఎక్కువా, కౌలు హక్కు వల్ల వచ్చినవారు ఎక్కువా?

పాతపహాణీ (ఆదివారం, ఉదయం 10:47)

నేను 1976లో జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు నన్ను మొదట వేసింది భూసంస్కరణల ట్రిబ్యునల్‌లోనే. అందుచేత సీలింగ్ డిక్లరేషన్లు ఎలా ఉండేవో పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు.

చట్టం కాగితం మీద చాలా గట్టిది. అయిదుగురు ఉన్న కుటుంబానికి నేల తరగతిని బట్టి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు మాత్రమే ఉండాలన్నది. 24-1-1971 తరువాత జరిగిన అమ్మకాలనూ దానాలనూ పంపకాలనూ అనుమానించి చూడాలన్నది. అయితే ఆ తేదీకి పదేళ్ళ ముందే, 1961లో, ఒక పాత సీలింగ్ చట్టం వచ్చి అందరినీ హెచ్చరించి పోయింది. వర్షం పడుతుందని పదేళ్ళ ముందు దండోరా వేస్తే ధాన్యం బయట ఆరబెట్టి ఉంచేవాడు ఎవడుంటాడు? 1972లో పి. వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండి చట్టాన్ని సభలో నెగ్గించుకునేనాటికి, పెద్ద పట్టాలు చాలావరకు చిన్న పట్టాలుగా విడిపోయి ఉన్నాయి. ఆ వెంటనే ముల్కీ తీర్పు, జై ఆంధ్ర ఉద్యమం, ఆయన రాజీనామా, రాష్ట్రపతి పాలన వరుసగా వచ్చాయి. చట్టం అమల్లోకి వచ్చింది 1-1-1975న. ఆపైన 1977 సవరణతో మేజరైన ప్రతి కొడుకు పేరునా అదనపు పరిమితి ఇచ్చారు. కూతుళ్ళ సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు. ఇది నేను వ్యంగ్యంగా అనడం లేదు, ఆనాడు ఆ ఫైళ్ళు కట్టిన నాకూ గుర్తుకు రాలేదు.

డిక్లరేషన్లలో జీతగాళ్ళ పేర్లు పట్టాదారులుగా కనిపించేవి. విచారణకు పిలిస్తే ఆ మనిషి చేతులు కట్టుకుని నిలబడి, తన పేరున ఎంత భూమి ఉందని అడిగితే దొర ముఖం వైపు చూసేవాడు. సర్వే నంబరు చెప్పమంటే, “దొరకు ఎరుక” అనేవాడు. ఆ సమాధానాన్ని వాంగ్మూలంలో ఎలా రాయాలో తెలియక నేను చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్న రోజులున్నాయి.

ఇక మిగులుగా అప్పగించిన భూమి ఎలాంటిదంటే, రాళ్ళ గుట్ట, చెరువు శిఖంలోకి వెళ్ళే వాలు, దారి లేని మూల ముక్క. ఏ భూమిని వదులుకోవాలో ఎంచుకునే అవకాశం డిక్లరెంటుకే ఉండేది కాబట్టి, ఆయన తన మోటబావి కింది పొలాన్ని ఎందుకు వదులుకుంటాడు? నేను తరువాత పనిచేసిన ఒక ఊళ్ళో అలాంటి భూమిని పదకొండు కుటుంబాలకు పంచారు. బావి తవ్వుకోగలిగిన ఒక్క కుటుంబం నిలబడింది. మిగిలినవారి పిల్లలు హైదరాబాదులో మేస్త్రీల దగ్గర పనికి కుదిరారు, పట్టా కాగితం మాత్రం ఇనుపపెట్టెలో భద్రంగా ఉంది.

కనుక మంజీరతీరం గారి మాటతో నేను ఏకీభవిస్తాను, ఒక చేర్పుతో. కౌలుదారీ చట్టంలోని, రక్షిత కౌలుదారుకు యాజమాన్యం ఇచ్చే 38-ఇ సెక్షనును ఖమ్మం వైపు ముందే అమలు చేసినా, మిగిలిన తెలంగాణలో చాలాచోట్ల 1-1-1973 నుంచి అమలు చేశారు. అంటే 1951లో పేరు ఎక్కినవాడు హక్కు కోసం ఇరవై రెండేళ్ళు ఎదురు చూడాలి. ఆ ఇరవై రెండేళ్ళలో ఎందరు చనిపోయారో, ఎందరు ఊరు విడిచారో ఏ రిజిస్టరులోనూ లేదు.

కోనసీమవాసి (ఆదివారం, మధ్యాహ్నం 1:30)

చర్చ బాగుంది, కానీ ఇది తెలంగాణ కథగానే సాగుతోంది. మా వైపు రక్షిత కౌలుదారు అన్న మాటే లేదు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చి జమీందార్లను తొలగించినప్పుడు లాభపడింది, 1908 చట్టం నాటి నుంచే సాగు హక్కు ఉన్న రైతులు. ఆ రైతు దగ్గర మళ్ళీ కౌలుకు చేసుకునేవాడు ఆ లెక్కలోకి రాలేదు. వారికోసం 1956లో ఆంధ్ర కౌలుదారీ చట్టం వచ్చింది. 1974 సవరణ తరువాత చూస్తే అందులో లేనిదంటూ లేదు: కౌలు రాతపూర్వకంగా ఉండాలి, కనీసం ఆరేళ్ళు ఉండాలి, యజమాని అమ్మదలిస్తే ముందుగా కౌలుదారునే అడగాలి.

మా నాన్నగారు నలభై ఏళ్ళు కౌలు చేశారు. ఒక్క కాగితం కూడా లేదు. ఏటా సంక్రాంతి వెళ్ళాక కామందు గారి అరుగు మీద కూర్చుని, ఎకరాకు ఎన్ని బస్తాలో నోటిమాటతో తేల్చుకునేవారు. మా లంకకు దగ్గరలో రెండు పంటలకూ కలిపి ముప్పై బస్తాల దాకా నడిచిన సంవత్సరాలు ఉన్నాయి. తుపాను వచ్చి చేను పడిపోయినా ఆ బస్తాల్లో తగ్గింపు కామందు దయ మీద ఆధారపడేది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా మా గురించి మాట్లాడింది. ఖర్చు పెరిగింది, మద్దతు ధర చాలలేదు, కాలువలు పూడాయి, కూలీలు దొరకలేదు అన్నారు. అవన్నీ నిజమే. కానీ సాగు మానెయ్యడానికి నిర్ణయం తీసుకోగల స్తోమత భూమి ఉన్నవారికి ఉంటుంది. కౌలుదారుకు ఆ ఏడాది విరామం అంటే పస్తు.

గవ్వ (ఆదివారం, రాత్రి 9:05)

పెద్దలందరూ రాసింది శ్రద్ధగా చదివాను. ఒక చిన్న ప్రశ్న. ఆ రక్షిత కౌలుదారుల రిజిస్టరులో మా తాత పేరు ఎందుకు లేదు?

మాది పాలమూరు వైపు ఒక పల్లె, మాల కుటుంబం. మా తాత కౌలుదారు కాడు, జీతగాడు. దొర పశువుల కొట్టంలో పడుకుని, దొర నాగలితో, దొర భూమిని దున్నాడు. దున్నేవాడిదే భూమి అన్న నినాదాన్ని అక్షరాలా తీసుకుంటే ఆ భూమి ఆయనదే కావాలి. కానీ చట్టం దృష్టిలో దున్నేవాడు అంటే కౌలు చెల్లించేవాడు, కౌలు చెల్లించాలంటే ఎడ్లు ఉండాలి, ఎడ్లు ఉండాలంటే కులం ఉండాలి. కాబట్టి 1950 చట్టం పూర్తిగా అమలై ఉన్నా మా వాడకు వచ్చేది ఏమీ లేదు. కేరళను అందరూ మెచ్చుకుంటారు కదా, అక్కడ 1970లో కౌలు విధానాన్నే రద్దు చేసినప్పుడు పొలం కౌలుదారుకు వెళ్ళింది. గుడిసె వేసుకుని ఉన్న దళిత కూలీకి పంచాయతీల్లో దక్కింది పది సెంట్ల ఇంటిజాగా.

మాకు భూమి వచ్చింది లావణి పట్టా, అంటే సర్కారు పేదలకు అసైన్ చేసిన భూమి, రూపంలోనే, రెండెకరాల పది గుంటలు. అమ్మ పెళ్ళి ఖర్చుకు తాత దాన్ని ఊళ్ళోని ఒక పెద్దరైతు దగ్గర కుదువ పెట్టాడు. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి బదిలీ చెల్లదు, దాన్ని వెనక్కి తీసుకుని ఇప్పించాలి. చెల్లదన్న సంగతి ఆ రైతుకు తెలుసు, మాకు తెలియదు. ఊరి భూమి రికార్డైన పహాణీలో, భూమి ఎవరి సాగులో ఉందో చూపే అనుభవదారు గడిలో ఆయన పేరు ఇరవై ఏళ్ళు నడిచింది. నేను డిగ్రీలో ఉండగా దరఖాస్తు పెట్టాం, భూమి తిరిగి వచ్చేసరికి తాత లేడు.

అందువల్ల నా లెక్కలో మూడో వరుస ఒకటి ఉంది: సీలింగూ కాదు, కౌలూ కాదు, అసైన్‌మెంటు. దాని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు, ఎందుకంటే అది ఎవరి దగ్గరా గుంజుకున్నది కాదు, సర్కారు బంజరు.

మంజీరతీరం (సోమవారం, ఉదయం 7:20)

గవ్వ గారూ, మీ ప్రశ్నకు నా మొదటి పోస్టులో చోటే లేదు, అది నా లోపం. నాగలి పట్టుకున్నవాడు అని రాసినప్పుడు నా కళ్ళ ముందు కౌలుదారే ఉన్నాడు, జీతగాడు లేడు.

అయినా ఒక మాట చెప్పాలి. పాలకుర్తి చాకలి ఐలమ్మను మనం భూపోరాటానికి గుర్తుగా చూస్తాం. ఆమె విసునూరు దేశ్‌ముఖ్‌తో తలపడింది మల్లంపల్లి మక్తేదారు దగ్గర కౌలుకు తీసుకున్న భూమిలోని పంట కోసం. అంటే సాయుధ పోరాటపు నిప్పు రగిలిన చోట ఉన్నది ఒక కౌలుదారు హక్కు. ఆ కౌలుదారు ఒక స్త్రీ, చాకలి కులం. కాబట్టి కౌలుకు కులం అడ్డు అనడంలో నిజం ఉన్నా, ఆ అడ్డును దాటినవారు లేకపోలేదు. దాటినందుకు వారు ఎంత చెల్లించారన్నది వేరే సంగతి.

ప్రవాసి_కరీంనగర్ (సోమవారం, ఉదయం 9:58)

ఈ చర్చలో తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నాను. మీరంతా చెప్పే యజమానిని నేనే. కరీంనగర్ జిల్లాలో మా అన్నదమ్ములకు కలిపి తొమ్మిది ఎకరాలు ఉంది. నేను డాలస్‌లో ఉంటాను. పొలాన్ని ఆరేళ్ళుగా ఒకాయన కౌలుకు చేస్తున్నాడు. కాగితం లేదు.

ఎందుకు లేదో నిజాయితీగా చెబుతాను. మా తాతకు 38-ఇ కింద పదహారు ఎకరాలు పోయింది. ఆ కథ మా ఇంట్లో రామాయణంలా వినిపించేది. “కౌలు కాగితం రాసినవాడు భూమి రాసిచ్చినట్టే” అని మా నాన్న చనిపోయే ముందు కూడా అన్నారు. ఇప్పటి చట్టం ఏమిటో నాకు తెలియదు, కానీ ఆ భయం మాత్రం వారసత్వంగా వచ్చింది. మా ఊళ్ళో కొందరైతే ఒకే మనిషికి రెండేళ్ళకు మించి ఇవ్వరు, హక్కు పుడుతుందని. నేను అలా మార్చలేదు, అంతవరకే నా మంచితనం.

రైతుబంధు 2018లో మొదలైనప్పటి నుంచి డబ్బు నా ఖాతాలోనే పడింది. కౌలులో కొంత తగ్గించాను. మొత్తం ఇవ్వలేదు.

న్యాయవాది_హనుమకొండ (సోమవారం, మధ్యాహ్నం 12:15)

ప్రవాసి గారు ఒప్పుకున్న సంగతి ఈ చర్చకు చాలా అవసరం, అందుకు ఆయనను తిట్టవలసిన పని లేదు. అయితే ఆయన భయానికి ఇప్పటి చట్టంలో ఆధారం లేదు. 38-ఇ కింద యాజమాన్యం వచ్చింది ఆనాటి రిజిస్టరులో రక్షిత కౌలుదారుగా నమోదైనవారికీ వారి వారసులకూ మాత్రమే. ఈరోజు ఆరేళ్ళో పదహారేళ్ళో కౌలు చేసినంత మాత్రాన ఎవరూ ఆ తరగతిలోకి రారు. 2011లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన లైసెన్సుడు సాగుదారుల చట్టం సాగుదారుకు గుర్తింపు కార్డు ఇమ్మన్నది. ఆ కార్డు పంట రుణానికీ, బీమాకూ, నష్టపరిహారానికీ పనికి వస్తుంది, భూమి మీద హక్కుకు పనికి రాదని అందులోనే స్పష్టంగా ఉంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో ఆ చట్టం బతికే ఉంది, కార్డులు ఇచ్చే పని మాత్రం దాదాపు ఆగిపోయింది.

నాకు తోచేది ఇది: 1950 చట్టం కౌలుదారుకు సగమే మేలు చేసింది, యజమానికి మాత్రం నిండు జ్ఞాపకాన్ని మిగిల్చింది. ఆ జ్ఞాపకమే ఈనాటి నోటిమాట కౌలుకు పునాది.

కోనసీమవాసి (సోమవారం, సాయంత్రం 6:40)

వకీలు గారికి ఒక సందేహం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, భూమి హక్కుకు సంబంధం లేదని స్పష్టంగా రాసి ఉంది. అయినా మా కామందు సంతకం పెట్టలేదు. భయం వల్ల కాదు. ఆ పాసుపుస్తకం మీద ఆయన అప్పటికే బ్యాంకులో పంట రుణం తీసుకుని ఉన్నారు, అదీ తక్కువ వడ్డీకి. ఒకే భూమి మీద ఒకే పంటకు బ్యాంకు రెండు రుణాలు ఇవ్వదు. నాకు కార్డు వస్తే ఆయన రుణం పోతుంది. పంట వేయనివాడికి పంట రుణం, పంట వేసినవాడికి ఎరువుల కొట్టు దగ్గర నూటికి రెండో మూడో రూపాయల వడ్డీ. ఆ కొట్టు వారికే ధాన్యం తూయాలి, వారు చెప్పిన ధరకు.

సంతకం యజమాని చేతిలో పెట్టిన చట్టం, కౌలుదారును మళ్ళీ అదే అరుగు మీద కూర్చోబెట్టింది.

న్యాయవాది_హనుమకొండ (సోమవారం, సాయంత్రం 7:02)

ఒప్పుకుంటున్నాను. 2011 చట్టంలో యజమాని సంతకం తప్పనిసరి కాకపోవడమే దాని బలం. 2019లో ఆ బలాన్ని వదులుకున్నారు.

పాతపహాణీ (సోమవారం, రాత్రి 8:33)

కాగితాల మనిషిని కాబట్టి కాగితాల గురించే మరికొంత రాస్తాను. పాత పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉండేది. గవ్వ గారి కుటుంబానికి ఆ గడి శత్రువు అయింది, నిజమే. దాన్ని అమ్ముకున్న పట్వారీలు ఉన్నారు, దాన్ని దిద్దినవారు మా ఆఫీసుల్లోనూ ఉన్నారు. అయినా అది ఉన్నంతకాలం, ఊళ్ళో సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం ఒప్పందం) మీద పొలం కొనుక్కున్న బక్కరైతుకూ, నిజంగా దున్నే కౌలుదారుకూ ఏదో ఒక మూల తమ పేరు కనిపించేది. 1954-55 నాటి కాసరా పహాణీలో తండ్రి పేరు చూపించి హక్కు నిలబెట్టుకున్నవారిని నేను ఎందరినో చూశాను.

2020లో భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు ఆ గడిని తీసివేశారు. దొంగరాతలు ఆగుతాయన్నారు. దొంగరాతతో పాటు అసలు రాత కూడా పోయింది. ఆ తరువాత ప్రభుత్వం సాయం ఏదైనా పట్టాదారు పేరు పట్టుకునే నడిచింది. రైతుబీమా చూడండి: పట్టా ఉండి, 18 నుంచి 59 ఏళ్ళ లోపు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ పోయినా వస్తుంది. అప్పుల బాధతో అదే చేనులో పోయిన కౌలుదారుకు రాదు. అతని భార్య రైతు ఆత్మహత్యలకు సంబంధించిన 194 నంబరు జీవో కింద పరిహారం అడిగితే, భర్త కౌలు చేశాడనడానికి రుజువు తెమ్మంటారు. రుజువు ఉండవలసిన గడినే మనం చెరిపేశాం.

భూభారతి చట్టం 2025లో వచ్చి, పెండింగులో పడిన సాదా బైనామాలకు దారి తెరిచింది. అది కొనుక్కున్నవాడి సంగతి. కౌలుదారు సంగతి ఇంకా బయటే ఉంది.

గవ్వ (సోమవారం, రాత్రి 10:11)

పాతపహాణీ గారూ, ఆ గడి నాకు శత్రువు కాదు. అందులో అబద్ధం రాసిన చెయ్యి శత్రువు. మాకు భూమి తిరిగి వచ్చిందీ, అదే గడిలో అంతకుముందు మా తాత పేరు ఉందని చూపించగలిగినందువల్లే.

ఇంకొకటి. ఇప్పుడు మా ఊళ్ళో కౌలు చేసేవారిలో సగం మంది మా వాడవారే. తాతల కాలంలో ఎడ్లు లేక కౌలుకు దూరమైనవారు, ట్రాక్టరు అద్దెకు దొరకడంతో కౌలులోకి వచ్చారు. పత్తి వేస్తున్నారు. ఆడవాళ్ళు పొదుపు సంఘం అప్పు తెచ్చి కౌలు ముందే కడుతున్నారు, ఎందుకంటే మా వైపు కౌలు నగదుగా, ఉగాది నాడే ఇవ్వాలి. వాన రాకముందే అప్పు మొదలవుతుంది. కాబట్టి మొదటి రోజు నేను అన్న మాటను కొంచెం మార్చుకుంటున్నాను: 1950లో కౌలు చట్టం మాది కాదు, ఈరోజు వస్తే మాదే.

ప్రవాసి_కరీంనగర్ (మంగళవారం, ఉదయం 8:45)

నిన్న రాత్రి మా పొలం చేసే ఆయనకు ఫోన్ చేశాను. ఈ ఏడాది కాగితం రాసుకుందామా అని అడిగాను. సంతోషిస్తాడని అనుకున్నాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “ఏమైంది సార్, పొలం వేరేటోళ్ళకు ఇస్తున్నరా?” అని అడిగాడు. కాగితం అంటే గడువు అనీ, గడువు అంటే ఆ రోజుతో వెళ్ళిపోవడమనీ ఆయనకు అర్థమైంది.

ఏమి రాయాలో వకీలు గారు చెప్పగలరా?

న్యాయవాది_హనుమకొండ (మంగళవారం, ఉదయం 10:20)

సర్వే నంబరు, విస్తీర్ణం, కౌలు ఎంత, ఎప్పుడు చెల్లించాలి, పంట పూర్తిగా పోతే ఎంత తగ్గిస్తారు, ప్రభుత్వ సాయం ఎవరికి చెందుతుంది. ఈ చివరి రెండూ నోటిమాటలో ఎప్పుడూ ఉండవు, అందుకే తప్పకుండా రాయండి. ఏడాదికి మించితే రిజిస్ట్రేషన్ కావాలి, ఆ ఖర్చుకు భయపడే అందరూ పదకొండు నెలలతో ఆపుతారు.

గవ్వ (మంగళవారం, ఉదయం 10:31)

పదకొండు నెలలకు రాస్తే ఆయన భయమే నిజమవుతుంది. అయిదేళ్ళకు రాసి రిజిస్ట్రేషన్ చేయించండి.

ప్రవాసి_కరీంనగర్ (మంగళవారం, రాత్రి 9:50)

అన్నయ్యను అడిగాను. ఆయన వాటా నాలుగున్నర ఎకరాలకు ఒప్పుకోలేదు, నాన్న మాటే మళ్ళీ చెప్పాడు. నా నాలుగున్నరకు మూడేళ్ళకు రాస్తాను, ఆగస్టులో వచ్చినప్పుడు. అయిదు అనడానికి నాకూ ధైర్యం చాలలేదు.